బొగ్గుగనుల మట్టిగుట్టలు: మన కర్తవ్యము

(మన సంఘ సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



ఈ సభామందిరమున వెలుగుచున్న దీపములకు బొగ్గు ఎచటినుండి వచ్చుచున్నదని మనము సాధారణముగా విచారింపము. రామగుండము విద్యుత్కేంద్రమున కర్ణాటకమునకు వాటా కలదు. రాయచూరు కేంద్రమునకును సింగరేణి బొగ్గు చేరుచున్నది. వెలుగు ఇచటికి వచ్చుచున్నది. త్రవ్విన మట్టి అచటి మన భాషవారి ఊళ్ల ప్రక్కనే మిగులుచున్నది. ఆ మట్టిని గురించియే నేడు మేము విన్నవింపదలచితిమి.

1871లో విలియం కింగ్ అను భూగర్భశాస్త్రజ్ఞుడు ఇల్లందు ప్రాంతమున బొగ్గును కనుగొనిన పిదప చిరకాలము భూగర్భ గనులే నడచినవి. నేడు సింగరేణి బొగ్గులో అధికభాగము ఓపెన్‌కాస్టు గనులనుండి వచ్చుచున్నది. ఇందు బొగ్గుపై నున్న ఇసుకరాతిని, బంకమట్టిని ప్రేల్చి, తొలగించి, ప్రక్కన పోయుదురు. టన్ను బొగ్గుకు అనేక ఘనమీటర్ల మట్టి వెలువడును. మణుగూరు, గోదావరిఖని, భూపాలపల్లి ప్రాంతములలో ఈ కుప్పలను ఓబీ గుట్టలందురు.

సహజమైన కొండ వేరు, ఈ గుట్ట వేరు. గుట్టలోని రాళ్లు, మట్టి విడివిడిగా, నడుమ సందులతో నుండును. ఆ సందులలో వాననీరు నిండినపుడు బరువు పెరిగి, కణముల నడుమ పట్టు సడలును. అడుగున తడిసిన నల్లరేగడి యున్నచో గుట్ట పాదమే జారును. 1966 అక్టోబరు 21న వేల్సులోని అబెర్‌ఫాన్ గ్రామమున, నీటి ఊటపై పోసిన భూగర్భ గని వ్యర్థపు గుట్ట జారి బడిపై పడగా 144 మంది మరణించిరి. వారిలో 116 మంది పిల్లలు. 2016 డిసెంబరు 29న ఝార్ఖండులోని లాల్‌మటియా ఓపెన్‌కాస్టు గనిలో మట్టి విరిగిపడి 23 మంది కార్మికులు మృతిచెందిరి.

జారని గుట్టవలనను హాని కలదు. వానకు కోసుకొనిపోయిన మట్టి చెరువులను పూడ్చును. వేసవిగాలికి దుమ్ము చేలపైనను, ఇండ్లలోను పడును. గంధకము గల రాళ్లు గాలికి, నీటికి తగిలినచో ఆమ్లము పుట్టి ఊటనీరు చెడును. దూరమేల? ఈ నగరమునకు సుమారు నూరు కిలోమీటర్ల దూరముననున్న కోలారు బంగారు గనులు 2001లో మూతపడినవి. అచటి సైనైడు దిబ్బల దుమ్ము నేటికిని ఊళ్లపై పడుచునే యున్నది.

నివారణ తెలియనిది కాదు. 2017 బొగ్గుగనుల నిబంధనల ప్రకారము గుట్టవాలు 37.5 డిగ్రీలు మించరాదు. ఎత్తు 30 మీటర్లు మించినచో మెట్లుగా కట్టవలెను. పాదమున రాతిగోడ, చుట్టును కాలువ, నీరు తేరుటకు గుంట, పైన సారవంతమైన మట్టి, గడ్డి, వేప, కానుగ వలయును. త్రవ్విన గోతినే ఆ మట్టితో తిరిగి పూడ్చుట అన్నిటికంటె మేలు.

2006 పర్యావరణ ప్రకటన ననుసరించి గని అనుమతికి ముందు ప్రజాభిప్రాయ సేకరణ జరుగవలెను. నివేదిక సారాంశము స్థానిక భాషలోను ఈయవలెను. మనలో ఇంజనీర్లు కలరు, న్యాయవాదులు కలరు. మీ బంధువుల ఊళ్లలో అట్టి సభ జరిగినపుడు ఆ నివేదికను చదివి, వారికి అర్థమగునట్లు చెప్పుడు. మూడు ప్రశ్నలు వారిచేత అడిగింపుడు: గుట్ట అడుగున ఏ నేల యున్నది? వాననీరు ఎటు పోవును? గని మూసిన పిదప గుట్టను కాపాడువారెవరు? జవాబులను వ్రాతపూర్వకముగా కోరుడు. అచటి బొగ్గుతో దీపము వెలిగించుకొను మనము ఈపాటి శ్రమకైనను ఓర్వవలెను.