గోదావరిపై సేతువులు



సేతుశబ్దమునకు మన పూర్వులు ‘బంధించునది’ యని వ్యుత్పత్తి చెప్పిరి. అందుచే నీటిని బంధించు ఆనకట్టయు సేతువే, తీరములను బంధించు వంతెనయు సేతువే. రాజమహేంద్రవరమునకు ఈ రెండు విధముల సేతువులును కలవు. దిగువ ధవళేశ్వరమున కాటను దొర 1852లో ముగించిన ఆనకట్ట మొదటి విధము. నేడు నేను ముచ్చటింపబోవునది రెండవ విధమును గూర్చి.

ఆనకట్ట వెలసిన దాదాపు ఏబది యేండ్లకు గాని ఇచట వంతెన పడలేదు. అంతవరకు బెజవాడవైపు నుండి వచ్చినవారు కొవ్వూరున రైలు దిగి, మూటాముల్లెలతో ఏరు దాటి, ఈవలి యొడ్డున వేరొక బండి నెక్కవలసి యుండెను. శ్రావణమాసపు గోదావరి నెరిగినవారికి ఆ దాటుట యెట్టిదో చెప్పనక్కరలేదు.

వాల్టను అను ఇంజనీరు 1897 నవంబరులో పని ప్రారంభించి, మూడేండ్లు నిండకమునుపే, 1900 ఆగస్టులో, రైలును నడిపించెను. అంకణములు 56, ఒక్కొక్కటి 150 అడుగులు. నాటి చెన్నపురి గవర్నరు పేర దానికి హేవలాకు వంతెన యని పేరైనది. కట్టించినవాని పేరు కొలదిమందికే తెలియును. నూతులు దించిన కూలివారి పేరులు ఎవ్వరికిని తెలియవు. లోకమున పేరు లిట్లే పడును!

నూతులు దించుట యనగా నేమి? మీ గ్రామములలో వరలబావి దింపుట చూచియే యుందురు. ఇదియు నట్టిదే. గుండ్రని గోడ కట్టి లోపలి ఇసుకను తోడుచుండగా, ఆ గోడ తన బరువుచేతనే క్రిందికి దిగును. దిగినకొలది పైన మరల కట్టుచుందురు. చాలినంత లోతు చేరిన పిదప లోపల కాంక్రీటు నింపి, దానిపై స్తంభమును లేపుదురు. వరదవేగమునకు స్తంభముల మొదళ్లయందు ఇసుక కోసికొని పోవుచుండును. ఆ కోతకంటె అడుగున నూయి పాతుకొని యున్నంతకాలము వంతెనకు భయము లేదు. పైన మనకు కనబడు ఉక్కు బలములో ఒక పాలు మాత్రమే. తక్కినది ఇసుకలో నున్నది. వంతెనల చెంత ఇసుక త్రవ్వరాదనుట ఇందుచేతనే. లారీలతో తోలుకొనిపోవువారును, చూచి యూరకుండువారును ఈ మాట వినవలెను.

1974లో పైన రహదారియు క్రింద రైలును గల వంతెన వచ్చెను. 1997లో 28 కమానుల కాంక్రీటు వంతెన వచ్చెను. అదే యేట పాతదానికి విశ్రాంతి కలిగెను. 2015లో మరియొక రహదారి వంతెన తెరచిరి. నా విద్యార్థిదశలో పాత వంతెనపై బండి సాగునపుడు ఆ మ్రోతలో ప్రక్కవాని మాట వినబడెడిది కాదు. తల్లులు కిటికీలలోనుండి కాసులు విసరుచు బిడ్డలచేత గోదావరికి దండము పెట్టించెడివారు.

వాడుక తీరిన వంతెనను విప్పి ఉక్కును తూకమున కమ్ముట లోకరీతి. దీని కా గతి పట్టకుండుట సంతోషము. అఖండ గోదావరి యను పథకమునకు 2025లో శంకుస్థాపన జరిగినది. ఈ వంతెనను విహారస్థలముగా తీర్చుట అందొక భాగము. దీపములు, అంగళ్లు, పూలతొట్లు పెట్టుదురు గాక, కాదనను. కాని ఉక్కునకు నీటిగాలి శత్రువు. త్రుప్పు గీకి రంగు పూయించు పని ఏటేట జరుగుటకు సొమ్ము ముందుగా కట్టుబాటు చేసి, ఆ పిమ్మట దీపముల మాట తలపెట్టవలెను. ఈ క్రమము తారుమారైనచో పదియేండ్లలో దీపములును ఉండవు, దూలములును ఉండవు.

నా కోరిక ఇంకొకటి కలదు. పాత వంతెనపై కాలినడకను రాజమహేంద్రవరమునుండి కొవ్వూరుదాక పోవుటకు దారి యుండవలెను. నడచువానివద్ద రుసుము పుచ్చుకొనరాదు. ఆవలి యొడ్డునను మెట్లు, నీడ, మంచినీరు ఏర్పడవలెను. ఈ సంగతిని రెండు తీరముల పెద్దలును కూడి, పనులు ముగియకమునుపే అధికారులకు వ్రాయవలసి యున్నది.