ఆకాశపు బాకీ
(రజతోత్సవ సభలో చేసిన ఉపన్యాసము)



లెక్కలు వ్రాయుట వృత్తిగా గలవాడను. కావున ఆకాశమున పేరుకొనుచున్న బొగ్గుపులుసు వాయువును గూర్చియు ఒక పద్దుగానే మనవి చేసెదను.

2021లో గ్లాస్గో మహాసభయందు భారతదేశము 2070 నాటికి ఈ పద్దును సరిచేసెదనని మాట యిచ్చినది. అనగా నాటికి గాలిలోనికి వదలినంత వాయువును తిరిగి తీసివేయవలెను. మన దేశమున తలకు వచ్చు వంతు లోకపు సగటులో సగమైనను లేదు. ఇంతకాలము కూడిన బాకీలో పెద్దపాలు ధనిక దేశములది. అయినను వాన తప్పినపుడు ఎండునది మనవంటి సీమయే.

ఖర్చు వైపు చూడుడు. ముద్దనూరు చేరువనున్న రాయలసీమ తాపవిద్యుత్కేంద్రము శక్తి 1,650 మెగావాట్లు. అది రైళ్లపై వచ్చు బొగ్గును కాల్చును. ఎఱ్ఱగుంట్ల సిమెంటు కర్మాగారముల సంగతి వేరు. శుద్ధమైన సున్నపురాయి 100 టన్నులు కాల్చిన, 56 టన్నుల సున్నము మిగిలి 44 టన్నులు ఆ వాయువై పోవును. బొగ్గు మానినను ఈ 44 తగ్గదు. సిమెంటులో బూడిద కలిపి సున్నపు పాలు తగ్గించుట ఒక ఉపాయము.

జమ వైపున జమ్మలమడుగు చేరువ మైలవరమున 250 మెగావాట్ల సౌరకేంద్రము కలదు. 2017 వేలములో దాని విద్యుత్తు యూనిట్టు 3 రూపాయల 15 పైసలకే పలికినది. కాని ప్రొద్దు గ్రుంకిన పిమ్మట ప్రొద్దుటూరి అంగళ్లలో దీపములు వెలుగుటెట్లు? పులివెందుల చీనీతోటల మోటార్లను పగలే నడపి, ఎండ విద్యుత్తును ఎండలోనే వాడుట ఒక మార్గము. గండికోట జలాశయపు నీటిని పగలు మిట్టకెత్తి, రాత్రి దింపి విద్యుత్తు తీయుట రెండవది. ఆ పథకమును తలపెట్టియున్నారు.

అట్లని తాపకేంద్రమును రేపే మూయుమనుట న్యాయము కాదు. దాని నీడన అన్నము తినుచున్న కుటుంబములు కలవు. మూయుదినమును ముందుగా చెప్పి, వారి బిడ్డలకు క్రొత్త పని నేర్పు వ్యయమును గూడ పద్దులో వ్రాయవలెను. ఆ పంక్తి లేని లెక్క ఎంత చక్కగా కూడినను దొంగలెక్కయే.

గంగకై అంశుమంతుడు తపించెను, దిలీపుడు తపించెను, భగీరథుడు తెచ్చెను. మొదటి ఇరువురును కొడుకు చూచుకొనునులెమ్మని కూర్చుండలేదు. ముందు వరుసనున్న ఈ చిన్నారులు 2070లో నా యీడు వారగుదురు. మనము ఎగవేసిన వాయిదాలన్నియు వారి పేరనే పడును. కావున ఊరిలో మోటార్లెన్ని, పగలు నడచునవెన్ని, ఇండ్లపై సౌరఫలకములెన్ని అని ఏటేట వ్రాయుటకు ఈ గ్రంథాలయమున ఒక పుస్తకము తెరువుడని కోరుచున్నాను. మొదటి పుట నేను వ్రాసెదను.