మన పెద్దలు కింద పడితే మన గూడెమే కింద పడుతుంది

(యాగంటిలో జరిగిన ఆదివాసీ యువత సమావేశంలో మాట్లాడిన మాటలు. రాలేకపోయిన మిత్రుల కోసం ఇక్కడ పెడుతున్నాం. చదివి, మీ గూడెంలో నలుగురికి చదివి వినిపించండి.)

జై ఆదివాసీ.

నల్లమల అంచున ఉన్న చెంచు గూడేల నుంచి, ఎర్రమల వైపు తండాల నుంచి పొద్దున్నే బస్సులు, ఆటోలు మారి వచ్చిన తమ్ముళ్ళకు, చెల్లెళ్ళకు, అక్కలకు, అన్నలకు వందనాలు.

ఇట్లాంటి సభల్లో మనం పట్టాల గురించి, ఉద్యోగాల గురించి, కుల ధ్రువీకరణ పత్రాల గురించి మాట్లాడుకుంటాం. ఈ రోజు నేను తెచ్చిన విషయం వినడానికి చిన్నదిగా ఉంటుంది. మన అవ్వలు, తాతలు కింద పడటం గురించి.

మీలో కొందరికి నవ్వొచ్చి ఉండొచ్చు. ముసలోళ్ళు పడరా, అదీ ఒక విషయమా అని. సరే, ఒక పని చేయండి. మీ గూడెంలో మంచాన పడి పోయిన పెద్దవాళ్ళను గుర్తు తెచ్చుకోండి. వాళ్ళు మంచాన ఎట్లా పడ్డారో అడగండి. "బాత్రూం కాడ జారింది", "రాత్రి లేచి బయటికి పోతా పడ్డాడు", "కట్టెల మోపుతో పడింది". చాలా ఇళ్ళలో కథ ఇట్లనే మొదలవుతుంది. తుంటి విరిగింది, లేవలేదు, పుండ్లు పడ్డాయి, ఆయాసం వచ్చింది, పోయింది. మనమేమో "వయసైపోయింది" అంటాం. వయసు ఒక్కటే కాదు. ఆ పడటం కూడా ఒక కారణం. దాన్ని చాలావరకు ఆపొచ్చు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క చూడండి. ప్రపంచంలో ఏటా 6,84,000 మంది కింద పడి చనిపోతున్నారు. ప్రమాదాల్లో పోయేవాళ్ళను లెక్కేస్తే రోడ్డు ప్రమాదాల తర్వాత స్థానం దీనిదే. ఆ చావుల్లో 80 శాతానికి పైగా మనలాంటి పేద, మధ్యస్థ దేశాల్లోనే. 65 ఏళ్ళు దాటినవాళ్ళలో నూటికి 28 నుంచి 35 మంది ఏడాదిలో ఒక్కసారైనా పడతారు. రోడ్డు ప్రమాదానికి కేసుంటుంది, పేపర్లో వార్త ఉంటుంది. ఇంట్లో పడిన అవ్వకు ఏముంటుంది? ఏమీ ఉండదు. అందుకే మనకు కనపడదు.

ఇప్పుడు మన ఉద్యమానికీ దీనికీ సంబంధం ఏంటో చెప్తా.

అటవీ హక్కుల చట్టం 2006లో వచ్చింది. దాని నియమాలు 2008లో వచ్చాయి. హక్కు అడిగేటప్పుడు ఏ ఆధారాలు చూపొచ్చో 13వ నియమంలో ఉంది. అందులో ఒకటి పెద్దల వాంగ్మూలం. హక్కు అడిగే మనిషి కాకుండా ఊరి పెద్దలు చెప్పింది రాసుకుంటే అది ఆధారం. ఒక్క ఆధారం చాలదు, ఒకటికి మించి కావాలి, నిజమే. కానీ కాగితం లేని మనకు ఆ పెద్దల మాట ఎంత బలమో ఆలోచించండి. ఏ వాగు దాకా మన పెంట ఉండేది, ఏ బండకు తేనె తీసేవాళ్ళం, తాతముత్తాతల సమాధులు ఏ చెట్టు కింద ఉన్నాయి, గడ్డలు ఏ వాలులో తవ్వేవాళ్ళం. ఇది ఏ ఆఫీసు బీరువాలోనూ లేదు. మన అవ్వ తలలో ఉంది. ఆమె నడిచి వచ్చి వేలు పెట్టి చూపిస్తేనే హద్దు తెలుస్తుంది. ఆమె తుంటి విరిగి మంచాన పడితే, హద్దు చూపే మనిషి లేనట్టే.

కాబట్టి పెద్దల కాళ్ళు నిలబెట్టడం సేవా కార్యక్రమం అనుకోకండి. అది కూడా మన హక్కుల పనే.

ఇక ఎందుకు పడుతున్నారు?

ముందు మన ఇళ్ళు చూడండి. పాత గుడిసెలో మట్టి నేల. కాలు అంటుకుంటుంది. ఇప్పుడు కాలనీ ఇళ్ళలో బండలు పరిచారు. మన జిల్లాలో దగ్గరగా దొరికేది బేతంచెర్ల బండ. పాలిష్ పట్టిన బండ మీద నీళ్ళు పడితే ఎట్లా ఉంటుందో మీకు నేను చెప్పాల్సిన పని లేదు. గడప ఎత్తు. ఇంటి ముందు మెట్లు ఒకటి పొట్టి, ఒకటి పొడుగు. మరుగుదొడ్డి ఇంటికి దూరంగా కట్టి, దాని ముందు మూడు మెట్లు పెట్టారు. పట్టుకోవడానికి ఏమీ లేదు. వీధి లైటు ఉంటే ఉంది, లేకుంటే లేదు. మన ఇల్లు కట్టేటప్పుడు మన అవ్వను ఎవరూ అడగలేదు.

రెండోది ఒళ్ళు. కంట్లో శుక్లం. ఒంట్లో రక్తం తక్కువ. తిండిలో పప్పు, గుడ్డు తక్కువ, కాళ్ళలో కండ కరిగిపోతుంది. బీపీ మాత్ర వేసుకుని గబుక్కున లేస్తే కళ్ళు తిరుగుతాయి. ఇంకోటి కూడా చెప్పుకోవాలి, దాచుకుంటే మనకే నష్టం. సారా. తాగి నడిచే తాతకు చీకటి కూడా తోడైతే చెప్పేదేముంది.

మూడోది భయం. ఒకసారి పడిన అవ్వ ఎవరికీ చెప్పదు. చెప్తే కొడుకు అడవికి పోనీయడు, కోడలు కసురుకుంటుంది. ఇంట్లో తెలిస్తే మనమూ అదే చేస్తాం. "ఇంక నువ్వు కూర్చో అవ్వా, ఏం చేయొద్దు" అంటాం. ప్రేమతోనే అంటాం. కానీ కూర్చోబెడితే కాళ్ళు ఇంకా బలహీనమవుతాయి. బలహీనమైతే ఈసారి తప్పకుండా పడుతుంది. ఈ ఒక్క ముక్క ఇక్కడి నుంచి తీసుకుపోయినా చాలు. పడకుండా ఉండాలంటే కూర్చోవడం కాదు, సరిగ్గా నడవడం కావాలి.

ఇది నా సొంత మాట కాదు. 60 ఏళ్ళు దాటినవాళ్ళ మీద జరిగిన వందకు పైగా పరిశోధనలను 2019లో ఒకచోట చేర్చి చూశారు. 23,000 మందికి పైగా పెద్దల లెక్క అది. నిలకడకు, కాళ్ళ బలానికి వ్యాయామం చేసినవాళ్ళలో పడటం దాదాపు పావు వంతు తగ్గింది. న్యూజిలాండ్‌లో ఒటాగో విశ్వవిద్యాలయం వాళ్ళు ఇంట్లోనే చేసుకునే కసరత్తులు తయారుచేశారు. చైనా వాళ్ళు తమ తాయ్‌చీ చేస్తారు. మనకు జిమ్ము అక్కర్లేదు, ఒక కుర్చీ, ఒక గోడ, నలుగురు మనుషులు చాలు.

సరే, గూడెంలో ఈ శిబిరం ఎట్లా పెట్టాలి? మేము చేస్తున్న పద్ధతి చెప్తా. మీ ఊరికి తగ్గట్టు మార్చుకోండి.

మొదటిది, జాబితా. ఇల్లిల్లూ తిరిగి పెద్దల పేర్లు రాయండి. ఆధార్‌లో వయసును నమ్మొద్దు, చాలామందికి అంచనాగా వేశారు. "శ్రీశైలం డ్యాం కట్టేటప్పుడు నువ్వు ఎంత ఉన్నావు అవ్వా, పెళ్ళయిందా?" అని అడగండి. డ్యాం పని 1960లో మొదలై 1980ల దాకా సాగింది. లెక్క అందుతుంది. పింఛను ఇచ్చే ఒకటో తారీఖు అందరూ ఇంటి దగ్గరే ఉంటారు, జాబితాకు మంచి రోజు. శిబిరం మాత్రం ఆ రోజు వద్దు, సంత రోజు వద్దు, తేనె కాలంలో, ఉపాధి పని ఉన్నప్పుడు పొద్దున పూట వద్దు. తేదీ పెద్దలనే అడగండి. మనం పెట్టిన తేదీకి వాళ్ళు రావడం కాదు, వాళ్ళు పెట్టిన తేదీకి మనం పోవాలి.

రెండోది, మూడు ప్రశ్నలు. ఈ ఏడాదిలో పడ్డావా? నిలబడితే, నడిస్తే తూలినట్టు ఉంటుందా? పడతానేమో అని భయం ఉందా? ఒక్కదానికి అవునన్నా ఆ పేరు పక్కన గుర్తు పెట్టండి. ఈ ప్రశ్నలు కోడలి ముందు, కొడుకు ముందు అడగొద్దు. పక్కకు కూర్చుని, నిదానంగా, మన మాటలో అడగండి. అవ్వలను ఆడపిల్లలే అడిగితే మంచిది.

మూడోది, నడక చూడటం. ఒక ప్లాస్టిక్ కుర్చీ వేయండి. దాని నుంచి 3 మీటర్ల దూరంలో ముగ్గుపిండితో గీత గీయండి. కుర్చీలోంచి లేచి, గీత దాకా నడిచి, తిరిగి వచ్చి కూర్చోవాలి. సెల్‌ఫోన్‌లో టైం చూడండి. 12 సెకన్లు, ఆపైన పడితే ఆ మనిషికి పడే ప్రమాదం ఉన్నట్టు. పక్కన ఒకరు చేయి అందేంత దగ్గరగా నడవాలి. ఇది పోటీ కాదని ముందే చెప్పండి, లేకుంటే తాతలు పరిగెత్తుతారు.

నాలుగోది, కసరత్తు. కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేవడం, కూర్చోవడం. గోడ పట్టుకుని మడమలు ఎత్తడం. ఒక కాలి ముందు ఇంకో కాలు పెట్టి 10 సెకన్లు నిలబడటం. పక్కకు అడుగులు వేయడం. మన దగ్గర పాట ఉంది, ఆట ఉంది. పాటకు అడుగు కలిపితే అదే కసరత్తు. ఒక్క రోజు చేసి ఫొటో పెడితే ఏమీ కాదు. వారానికి మూడు రోజులు, నెలల తరబడి సాగాలి. ఆపేస్తే వచ్చిన బలం పోతుంది. అందుకే శిబిరం పెట్టే ముందే, తర్వాత ఎవరు నడిపిస్తారో పేరు రాసుకోండి. పేరు లేకపోతే శిబిరం పెట్టొద్దు.

ఐదోది, ఇల్లు చూడటం. పెద్దాయనతోనే కలిసి ఆయన నడిచే దారి నడవండి. మంచం నుంచి మరుగుదొడ్డి దాకా, ఇంటి నుంచి కుళాయి దాకా. జారే బండ మీద గోనె పట్టా వేస్తే అదే కాలికి చుట్టుకుంటుంది, వేయొద్దు. బండను ఉలితో గరుకు చేయించండి. మెట్ల పక్కన గట్టి కర్ర పాతి కట్టండి. మంచం నులక వదులైతే బిగించండి, గుంటలో పడిన మనిషి లేవలేడు. అరిగిన హవాయి చెప్పులు తీసి మడమకు పట్టీ ఉన్నవి ఇప్పించండి. చేతికర్ర ఎత్తు మణికట్టు దాకా ఉండాలి. కొనకు పాత టైరు ముక్క తొడగండి. ఒక కాలు నొప్పి ఉంటే కర్ర రెండో వైపు చేతిలో పట్టాలి. చాలామంది తిరగేసి పట్టుకుంటారు.

ఇక్కడ యాగంటి బసవన్న పెరుగుతున్నాడని పెద్దలు చెప్తారు. పెరిగే బసవన్నకు చోటు చాలక మంటపంలో ఒక స్తంభం తీసేశారని కూడా చెప్తారు. రాతి బసవన్న కోసం స్తంభం జరిపిన ప్రాంతం మనది. నడిచే అవ్వ కోసం దారిలో ఒక రాయి జరపలేమా?

ఆరోది, ఆసుపత్రి పని. ఏఎన్ఎం అక్కను, ఆశా అక్కను శిబిరానికి పిలవండి. వాళ్ళ మీద అరవడానికి కాదు, వాళ్ళతో కలిసి చేయడానికి. బీపీ పడుకున్నప్పుడు ఒకసారి, లేచి నిలబడ్డాక ఒకసారి చూడమనండి. పై అంకె 20 లేదా అంతకు మించి తగ్గితే డాక్టరుకు చూపించాలి. మాత్రలు మనం మాన్పించొద్దు, డాక్టరే మార్చాలి. శుక్లం ఆపరేషన్ ప్రభుత్వ కార్యక్రమం కింద ఉచితం. చేతికర్రలు, వాకర్లు, కళ్ళద్దాలు, వినికిడి మిషన్లు పేద వృద్ధులకు ఉచితంగా ఇచ్చే రాష్ట్రీయ వయోశ్రీ యోజన 2017లో మన నెల్లూరులోనే మొదలైంది. అడిగితేనే వస్తాయి. జాబితా చేతిలో ఉంటే అడగడం తేలిక.

ఇంత చేసినా ఎవరో ఒకరు పడతారు. అప్పుడేం చేయాలి?

గబగబా చంకల్లో చేతులు పెట్టి లేపొద్దు. ముందు మాట్లాడించండి. తుంటి దగ్గర బాగా నొప్పి, కాలు పొట్టిగా అయినట్టు, పాదం బయటికి తిరిగినట్టు ఉంటే కదిలించకుండా 108కి ఫోన్ చేయండి. మనకు కట్టు కట్టే వైద్యుల మీద నమ్మకం ఉంది. చెయ్యి బెణికితే అది వేరే మాట. తుంటి విరిగితే కట్టుతో కుదరదు. చాలామందికి ఆపరేషన్ కావాలి, అదీ రెండు రోజుల లోపే జరిగితే మంచిది. మొదటి వారం కట్టుకు, రెండో వారం నాటు మందుకు పోతే మూడో వారం మన చేతిలో ఏమీ ఉండదు. డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవ కార్డు, ఆధార్ ఒక సంచిలో ముందే పెట్టి ఉంచండి. దెబ్బ లేకపోతే ఒంటరిగా లేచే పద్ధతి నేర్పండి: పక్కకు దొర్లి, మోకాళ్ళ మీదికి వచ్చి, కుర్చీనో మంచాన్నో పట్టుకుని, గట్టి కాలు ముందు పెట్టి లేవడం. శిబిరంలో చాప మీద అందరితో చేయించండి. పడ్డా లేవగలను అనే ధైర్యం ఉంటే భయం సగం పోతుంది.

ప్రభుత్వం చేయాల్సింది వేరే ఉంది, దాన్ని వదలొద్దు. 2023 నవంబరులో పీఎం జన్‌మన్ మొదలైంది. చెంచులలాంటి సమూహాలకు ఇళ్ళు, రోడ్లు, సంచార వైద్యం అందులో ఉన్నాయి. ఆ ఇళ్ళకు గరుకు నేల, గడప లేని తలుపు, మరుగుదొడ్డిలో పట్టుకునే కడ్డీ కావాలని గ్రామసభలో తీర్మానం చేయించండి. కట్టాక ఏడవడం కంటే కట్టేటప్పుడు అడగడం మేలు. శ్రీశైలం ఐటీడీఏకు ఆ తీర్మానం, మీ జాబితా రెండూ కలిపి ఇవ్వండి. నంద్యాలలో 2023లో ప్రభుత్వ వైద్య కళాశాల వచ్చింది. అక్కడి విద్యార్థులను గూడేలకు పంపమని అడుగుదాం. మన పిల్లలు కూడా రేపు అందులో చదవాలి.

ఆఖరుగా ఒక మాట. పెద్దలను కూర్చోబెట్టి మనం పాఠం చెప్పే శిబిరాలు ఎవరికీ నచ్చవు. వాళ్ళు వస్తే వాళ్ళ నుంచి కూడా తీసుకోండి. కసరత్తు అయ్యాక అరగంట కూర్చుని, ఏ వాగు పేరేంటి, ఏ గడ్డ ఎప్పుడు తవ్వాలి, ఏ పెంటలో ఎవరుండేవాళ్ళు అని అడగండి. ఫోన్‌లో రికార్డు చేయండి, కాగితం మీద రాయండి, వాళ్ళకు చదివి వినిపించి వేలిముద్ర తీసుకోండి. ఒక్క శిబిరంతో అవ్వ కాలూ నిలబడుతుంది, అవ్వ మాటా నిలబడుతుంది.

ఈ నెలలో మీరు చేయాల్సింది ఒక్కటే. ఒక నోటు పుస్తకం, ఒక పెన్ను తీసుకోండి. మీ గూడెంలో పెద్దల జాబితా రాయండి. మొదటి పేరు మీ ఇంట్లోవాళ్ళదే కావాలి. మూడు ప్రశ్నలూ ముందు వాళ్ళనే అడగండి.

జై ఆదివాసీ.