పల్నాటి కథ – ప్రజల నాటకము



పల్నాటిలో నాటకమనగానే ముందుగా జ్ఞప్తికి వచ్చునది కారెంపూడి. కార్తిక అమావాస్యకు అక్కడ వీరుల ఉత్సవము మొదలై ఐదు దినములు సాగును. రాచగావు, రాయబారము, మందపోరు, కోడిపోరు, కళ్లిపాడు అనునవి ఆ దినముల పేర్లు. వీరవిద్యావంతులు కథాగానము చేయుదురు. తెర లేదు, టిక్కెట్టు లేదు. అన్ని కులములవారిని ఒక్క చాపపై కూర్చుండబెట్టి భోజనము పెట్టించిన బ్రహ్మనాయుని కథ, మాల కన్నమదాసు వీరత్వము ఏటేట ఆ నేలమీద వినబడుచునే యున్నవి. సాంఘిక నాటకమను మాట పుట్టకముందే ఈ సీమలో దాని వస్తువు పుట్టినదనుట అతిశయోక్తి గాదు.

తరువాత వచ్చిన పద్యనాటకములు ఈ కథను రాగములలో ముంచివేసినవి. పెట్రోమాక్సు వెలుగులో బాలచంద్రుడు పద్యమెత్తుకొన్నచో ప్రేక్షకులు “వన్స్ మోర్” అని కేకలు వేయుదురు. యుద్ధమెందుకు వచ్చినదో మాత్రము ఎవరును అడుగరు. అడిగినవారిలో ఉన్నవ లక్ష్మీనారాయణగా రొకరు. ఆయన పల్నాటి వీరకథను నాటకముగా వ్రాసి దానికి “నాయకురాలు” అని పేరు పెట్టిరి. జనులు తరతరములుగా తిట్టుచు వచ్చిన నాగమ్మను గ్రంథముఖముననే నిలుపుట సామాన్య విషయము గాదు. ఆయనకు పల్నాడు కేవలము పుస్తకములలోని సీమ గాదు. అడవిలో పశువులు మేపుకొన్నందుకు సర్కారు వసూలు చేసిన పుల్లరిపై 1921-22లో ఇక్కడి రైతులు తిరుగబడిరి. 1922 ఫిబ్రవరిలో మించాలపాడున కన్నెగంటి హనుమంతు తుపాకి గుండ్లకు బలియయ్యెను. ఆ ఉద్యమమునకు సంబంధించియే ఉన్నవవారు చెరసాలకు పోయిరి. రాయవెల్లూరు చెరలో 1922లో ఆయన వ్రాసిన “మాలపల్లి” నవలను ప్రభుత్వము నిషేధించినది.

నాటకములకును అదే గతి. జలియన్‌వాలా బాగు దురంతమును చూపుచు దామరాజు పుండరీకాక్షుడుగారు వ్రాసిన “పాంచాల పరాభవము”ను ప్రభుత్వము సాగనీయలేదు. అధికారులకు ఆయుధము 1876 నాటి నాటక ప్రదర్శనల చట్టము. వంగదేశమున నీలిమందు తోటల దొరల దౌర్జన్యమును చూపిన “నీల్ దర్పణ్” వంటి నాటకములు కలిగించిన భయమే ఆ చట్టమునకు మూలము. దొరలు పోయిన పిదపకూడ అది శాసనగ్రంథమునుండి తొలగింపబడుటకు చాలకాలము పట్టినది; 2017లో చేసిన రద్దు శాసనముతో గాని పోలేదు.

1943లో బొంబాయిలో అఖిలభారత ప్రజానాట్య సంఘము ఏర్పడినది. ఆ కాలముననే ఆంధ్రదేశములో ప్రజానాట్యమండలి వెలసినది. గరికపాటి రాజారావుగారు దానికి ప్రాణము. వీరు పల్లెవారికి తెలిసిన బుర్రకథనే చేపట్టిరి. దాని కట్టడి చూడుడు: నడుమ తంబురాతో కథకుడు, ఒకవైపు హాస్యము చెప్పువాడు, మరొకవైపు రాజకీయము చెప్పువాడు. కథ పాతదైనను రాజకీయపు వంతవాడు నేటి పన్నును, నేటి కరవును మధ్యలో తెచ్చి ప్రశ్నింపవచ్చును. గుంటూరు జిల్లా పొన్నెకల్లున పుట్టిన షేక్ నాజరుగారు “పల్నాటి యుద్ధము”ను ఇట్లే చెప్పి జనులను కదలించిరి. ఒక ముస్లిము కళాకారుడు బ్రహ్మనాయుని చాపకూటిని గానము చేయుట ఆనాటి శ్రోతలకు వింతగా తోచలేదు. ఆయనకు 1986లో పద్మశ్రీ లభించినది.

సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావుగార్లు 1947లో వ్రాసిన “మా భూమి” తెలంగాణ రైతుల పోరాటమును అప్పటికప్పుడే రంగముపైకి తెచ్చినది. ఊరూర ప్రదర్శింపబడిన ఆ నాటకమును మద్రాసు ప్రభుత్వము నిషేధించినది. అప్పటికి దేశమునకు స్వాతంత్ర్యము వచ్చియే యున్నది! (1979 నాటి “మా భూమి” చలనచిత్రము వేఱు, అది కిషన్ చందర్ నవలను అనుసరించినది. పేరొకటగుటచే పలువురు పొరపడుచున్నారు.)

ప్రభుత్వమొక్కటే నాటకమునకు అడ్డు తగులునని తలచరాదు. 1989 జనవరి 1న ఢిల్లీ చెంత సాహిబాబాదులో “హల్లా బోల్” అను వీధినాటకము ఆడుచుండగా సఫ్దర్ హష్మీ బృందముపై దాడి జరిగినది. మరునాడు ఆయన మరణించెను. జనవరి 4న ఆయన భార్య మొలయశ్రీ, సహనటులు అదే చోటికి పోయి ఆగిపోయిన నాటకమును పూర్తిచేసిరి.

మన రాష్ట్రమున 2022 జనవరిలో కాళ్లకూరి నారాయణరావుగారి “చింతామణి” ప్రదర్శనలను ప్రభుత్వము నిషేధించినది. వివాదము న్యాయస్థానమునకు చేరినది. సుబ్బిశెట్టి పాత్ర తమను కించపరచుచున్నదని ఆర్యవైశ్యులు చేసిన ఫిర్యాదు నిష్కారణమైనది గాదు. తిరునాళ్ల పందిళ్లలో ఆ పాత్రకు తగిలించిన మోటు మాటలు విన్నవారికి అది తెలియును. కాని ఆ మాటలలో పెక్కు కవి వ్రాసినవి గావు. వేశ్యావ్యసనమును ఖండించుటకు వ్రాసిన నాటకము చప్పట్లకొరకు ఏడాదికేడాది దిగజారినది. దిగజార్చినవారిలో చప్పట్లు కొట్టినవారును కలరు. నిషేధముతో బరువు పడినది మాత్రము ఆ నాటకముపై బ్రతుకుచుండిన నటీనటులపైన, హార్మోనిస్టులపైన.

ఇట్టి తగవులలో గ్రంథాలయమునకు పని కలదు. కోటప్పకొండ తిరునాళ్లలో విన్న మాట కవిదో, నటునిదో తేల్చవలెనన్నచో అచ్చుపుస్తకము ఊరిలో ఉండవలెను. “నాయకురాలు”, “మా భూమి”, “చింతామణి” మూడును ఒక బీరువాలో చేరినచో, ఒక్కొక్క శనివారము రాత్రి పాత్రలు పంచుకొని పైకి చదువవచ్చును. దానికి రంగులు, తెరలు అక్కరలేదు. నాగమ్మ మాటలు చదువుటకు ముందుకు వచ్చు స్త్రీ యొకరు దొరికిన చాలును.