మిశ్రమ విద్యుచ్ఛకటములు – వాని యంత్రములు



పెట్రోలు యంత్రమును, విద్యుత్తు మోటారును గలిగిన కారు హైబ్రిడ్ కారనబడును. కొన్నింటిలో యంత్రము చక్రములను త్రిప్పదు. బ్యాటరీని నింపుటయే దాని పని. కావున నది యించుమించుగ నొకే వేగమున తిరుగవచ్చును. అందుచే మూలబడిన యంత్రములకు మరల నాదరము కలిగినది. 2010లో జాగ్వార్ వారు నమూనా కారునందు రెండు చిన్న గ్యాస్ టర్బైనుల నమర్చిరి. అట్టి కారు విక్రయమునకు రాలేదు. చిన్న టర్బైను ఇంధనము నధికముగ హరించును. 2023లో మజ్దా వారు రోటరీ యంత్రమునీ పనికి వినియోగించిరి.

నా మనవి యేమన, మనవంటివారు యోచింపవలసినది యంత్రముకంటె దాని యాహారమును గూర్చి. 2023 ఆగస్టు 29న ఢిల్లీలో ఇథనాల్‌తో నడచు హైబ్రిడ్ ఇన్నోవా నమూనాను కేంద్రమంత్రి శ్రీ నితిన్ గడ్కరీగారు ఆవిష్కరించిరి. అందున్నది సామాన్యమైన పిస్టన్ యంత్రమే. లీటరు ఇథనాల్‌నందు పెట్రోలు శక్తిలో మూడింట రెండు వంతులే యుండును. బ్యాటరీ సాయము ఆ లోటును కొంత పూరించును.

మన త్రిపురారము సాగరు ఎడమకాలువ క్రింది వరిసీమ. అన్నమునకు దగిన బియ్యమును కార్లకు బోయుట ధర్మము గాదు. పశువులకు బోగా మిగిలిన గడ్డిని పొలమున కాల్చుటయు ధర్మము గాదు. 2022 ఆగస్టులో హర్యానాలోని పానిపట్టున వరిగడ్డినుండి ఇథనాల్ దీయు కర్మాగారము జాతికంకితమైనది. ఈ విద్య నభ్యసించు మన బాలబాలికలకు విద్యార్థివేతనము లొసగుడని దాతలను ప్రార్థించుచున్నాను.