మబ్బును వెతికిన యంత్రాలు



మాస్టారు మాకు భౌతికశాస్త్రం చెప్పేవారు. ఆయన ఇంటి మిద్దె మీద ఒక వర్షమాపకం ఉండేది. రోజూ ఉదయం ఎనిమిదిన్నరకు మిద్దెక్కి, కొలిచి, నోటుబుక్కులో రాసుకునేవారు. ఏడాది మొత్తం కలిపినా 550 మిల్లీమీటర్ల చుట్టూ తిరిగే జిల్లా మనది. "సున్నా వేయడానికే ఎక్కువసార్లు మిద్దెక్కినాను నాయనా" అని నవ్వేవారు.

చిన్న విమానాల్లో వాతావరణాన్ని, ఎదురొచ్చే విమానాలను కనిపెట్టే పరికరాల గురించి మాట్లాడతానంటే ఈ సభ నిర్వాహకులు కాస్త తటపటాయించారు. శెనక్కాయ పండించే ఊళ్లకు ఆ గొడవ ఎందుకని. కానీ లోకమంతా మబ్బును తప్పించుకోవడానికి రాడార్ వాడితే, మనం మబ్బును వెతుక్కోవడానికి వాడాం. ఆ తేడా గురించే నా మాట.

రెండో ప్రపంచ యుద్ధంలో శత్రు విమానాల కోసం రాడార్ తెర చూసేవాళ్లకు వాన ఒక తలనొప్పి. తెర మీద మరకలా అడ్డుపడేది. యుద్ధం ముగిశాక ఆ మరకే పనికొచ్చింది. 1950ల నుంచి పెద్ద ప్రయాణికుల విమానాల ముక్కులో రాడార్ చేరింది. చిన్న విమానానికి మాత్రం చిక్కు వచ్చిపడింది. ఒకే ఇంజను ఉన్న విమానానికి ముక్కు దగ్గర పంఖా తిరుగుతుంటుంది, రాడార్ పళ్లెం ఎక్కడ పెట్టాలి? కొందరు రెక్క కింద గుల్ల కట్టి అందులో పెట్టారు. అమెరికాలో పాల్ రయాన్ అనే ఆయన 1970లలో ఇంకో దారి పట్టాడు. మెరుపు మెరిసినప్పుడు రేడియోలో గరగరమంటుంది కదా, ఆ గరగర ఏ దిక్కు నుంచి వస్తోందో చుక్కలుగా చూపించే పెట్టె చేశాడు. దాని పేరు స్టార్మ్‌స్కోప్. దానికి పళ్లెం అక్కర్లేదు, బరువూ తక్కువే. దిక్కు బాగానే చెబుతుంది గానీ దూరం మాత్రం ఉజ్జాయింపే.

ఇక్కడ ఒక సంగతి నిదానంగా చెప్పాలి. రాడార్‌కు మబ్బు కనిపించదు, మబ్బులోని వాన చినుకు కనిపిస్తుంది. చిన్న విమానాల్లోది మూడు సెంటీమీటర్ల తరంగం. జోరువాన తగిలితే అది అక్కడే ఇంకిపోతుంది. అప్పుడు తెర మీద ఎరుపు వెనక నల్లగా, ఖాళీగా ఉంటుంది. దారి ఉందనిపిస్తుంది. 1977 ఏప్రిల్ 4న అమెరికాలో జార్జియా రాష్ట్రం మీద ఒక డీసీ-9 అట్లాగే తెరను నమ్మి వడగళ్ల వానలోకి పోయింది. రెండు ఇంజన్లూ ఆగిపోయాయి. నల్లగా కనబడ్డ చోటే అసలు తుపాను ఉంది.

మన గడ్డ మీద రాడార్‌కు ఇంకో తిరకాసు కూడా ఉంది. ఎండకు కాగిన నేల పైన మబ్బు అడుగు చాలా ఎత్తున ఉంటుంది. అక్కడ చినుకు పుడుతుంది, రాడార్ రంగు చూపిస్తుంది, కిందికి దిగేలోపు పొడిగాలిలో ఆవిరైపోతుంది. అలా ఆరిపోతూ గాలిని చల్లబరుస్తుంది, ఆ చల్లగాలి దబ్బున కిందికి దూకుతుంది. చిన్న విమానాన్ని నేలకు కొట్టేది అదే. రైతుకు మిగిలేది దుమ్ము.

ఇక మేఘమథనం, అంటే మబ్బులో విత్తనంలా రసాయనం చల్లి వాన కురిపించే ప్రయత్నం. 1946 నవంబరు 13న విన్సెంట్ షేఫర్ ఒక చిన్న విమానంలో పైకెళ్లి మబ్బు మీద పొడిమంచు చల్లాడు. మరుసటి ఏడాదికల్లా బెర్నార్డ్ వానెగట్ సిల్వర్ అయొడైడ్ సంగతి తేల్చాడు. ఆ కథ తిరిగి తిరిగి 2003 ప్రాంతంలో మన జిల్లాకు వచ్చింది. జేఎన్‌టీయూ పర్యవేక్షణలో 2009 దాకా ఏదో ఒక రూపంలో సాగింది. విశాఖలో ఆచార్య టి. శివాజీరావు గారు దీని కోసం పత్రికల్లో ఎంత వాదించారో పెద్దవాళ్లకు గుర్తుండే ఉంటుంది.

మేఘమథనం చేసే పైలట్ల పని ఊహించండి. ఫ్లయింగ్ స్కూల్లో మొదటి పాఠం, కాలీఫ్లవర్‌లా పొంగే మబ్బుకు దూరంగా పొమ్మని. వీళ్ల ఉద్యోగం ఆ మబ్బు అడుగుకు, లేదా నీళ్లు సున్నా డిగ్రీల కంటే చల్లబడినా గడ్డకట్టకుండా ఉండే ఎత్తుకు పోవడం. ఆ నీళ్లు రెక్కకు తగిలితే అక్కడే మంచు పేరుకుంటుంది. అందుకే నేల మీది రాడార్ ఏ మబ్బు పెరుగుతోందో చెబుతుంటే, విమానంలోది ఎక్కడిదాకా పోవచ్చో చెప్పాలి. ఒకటి రమ్మంటుంది, ఇంకోటి ఆగమంటుంది. ఊళ్లల్లో మాత్రం ఇంకో మాట వినేవాణ్ణి, వచ్చిన మబ్బును విమానం చెదరగొట్టి పోయిందని. చదువుకున్నవాళ్లు నవ్వేవారు. నాకు నవ్వు రాలేదు. విత్తనం చల్లకపోతే ఆ మబ్బు ఎంత కురిసేదో ఎవరూ కొలవలేరు. కాబట్టి కురిసిన వాన తమదేనని మేఘమథనం చేసినవాళ్లు అన్న మాటకూ, రైతు మాటకూ రుజువు దగ్గర పెద్ద తేడా లేదు.

2009 సెప్టెంబరు 2 గురించి చెప్పకుండా దాటలేను. బేగంపేట నుంచి చిత్తూరు జిల్లాకు బయలుదేరిన బెల్ 430 హెలికాప్టర్ నల్లమలలో పావురాలగుట్ట దగ్గర కూలింది. ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖరరెడ్డి గారితో పాటు మరో నలుగురు పోయారు. అందులో వాతావరణ రాడార్ ఉంది. చివరి నిమిషాల్లో పైలట్ల ధ్యాసంతా గేరు నూనె ఒత్తిడి చూపించే సూచిక మీద ఉందని, బలంగా కిందికి దూకే గాలిలో చిక్కుకున్నారని విచారణ తేల్చింది. పరికరం ఉండటం ఒకటి, దాని వంక చూసే తీరిక ఉండటం ఇంకొకటి.

ఎదురొచ్చే విమానాల సంగతి త్వరగా ముగిస్తాను. 1996 నవంబరు 12న హర్యానాలో చర్ఖీ దాద్రీ మీద రెండు విమానాలు ఢీకొని 349 మంది చనిపోయాకే పెద్ద విమానాల్లో ఢీ నివారణ పరికరం మన దేశంలో తప్పనిసరైంది. అది ఎదుటి విమానంలోని ట్రాన్స్‌పాండర్ పలికితేనే వింటుంది. పలకని విమానం దాని లెక్కలో లేనట్టే. ఇప్పుడు ఏడీఎస్-బీ వచ్చింది, అది అమర్చిన విమానం తన చోటును తానే చాటుకుంటుంది. 1990లో పుట్టపర్తి విమానాశ్రయం తెరిచేనాటికి మన ఆకాశం ఖాళీ. 2008లో హిందూపురానికి దక్షిణాన దేవనహళ్లి విమానాశ్రయం మొదలయ్యాక ఆ మాట చెల్లదు.

మొన్న మన జిల్లా కుర్రాడు, పైలట్ శిక్షణలో ఉన్నవాడు, రెండు సీట్ల విమానానికి ఏం కొనాలని అడిగాడు. ముందు ట్రాన్స్‌పాండర్ సరిగా పలికేలా చూసుకో, ఆపైన ఏడీఎస్-బీ వినే చిన్న పెట్టె, డబ్బు మిగిలితే మెరుపుల పెట్టె అన్నాను. రాడార్ ఊసెత్తలేదు. అమెరికాలో నేల నుంచి వాన బొమ్మలు ఉచితంగా ప్రసారమవుతాయి, ఆ ధీమాతో రాసిన పుస్తకాలు ఇక్కడ నమ్మొద్దన్నాను. అక్కడైనా ఆ బొమ్మ పదిహేను, ఇరవై నిమిషాలు పాతబడి ఉండొచ్చని 2012లో అక్కడి ప్రమాద విచారణ సంస్థే హెచ్చరించింది. ఉత్తర కార్తెలో మన మబ్బు ఆ ఇరవై నిమిషాల్లో పుట్టి, పెరిగి, కూలిపోగలదు.

మాస్టారి నోటుబుక్కులు ఈ మధ్య చూశాను. మేఘమథనం జరిగిన సంవత్సరాల్లో వాన గడి పక్కన ఆయన ఇంకో గడి గీసుకున్నారు. పైన "చప్పుడు" అని రాసి ఉంది. ఒక సెప్టెంబరు రోజున ఆ గడిలో "మధ్యాహ్నం, రెండుసార్లు". పక్క గడిలో "జల్లు. కొలతకు రాలేదు".