డీజిలు ట్రక్కుకు గేరుబాక్సు మార్పు
(గ్రంథాలయ రజతోత్సవ సభయందలి ఉపన్యాస పాఠము)

  

ధాన్యపు బస్తాలు మిల్లునకు పోవలెనన్నను, ఎరువుల బస్తాలు ఊరికి రావలెనన్నను నేడు లారీయే ఆధారము. లారీలో డ్రైవరు ప్రక్కన కూర్చుండి ప్రయాణము చేసిన ప్రతివాడును, అతడు ఎడమకాలితో క్లచ్ త్రొక్కి ఎడమచేతితో గేరు కడ్డీని త్రోయుటను చూచియే యుండును. ఆ కడ్డీ క్రింద నున్న ఇనుప పెట్టెలో ఏమి జరుగుచున్నదో తెలిసినవారు మాత్రము కొద్దిమంది.

అమెరికాలో నేడు ఎక్కువ బండ్లకు క్లచ్ పెడలు లేదు. గేర్లు తమంతట తామే మారును. అట్టి సౌకర్యము గల డీజిలు ట్రక్కును కొన్నవారిలో కొందరు ఆ ఆటోమాటిక్ గేరుబాక్సును ఊడదీసి, దాని స్థానమున చేతితో మార్చు గేరుబాక్సును అమర్చుకొనుచున్నారు. ఉన్న సుఖమును విడిచి శ్రమను కొని తెచ్చుకొనుట వింతగా తోచవచ్చును. అందులో కొంత న్యాయము కలదు. కొంత భ్రమయు కలదు. ఆ రెంటిని వేరుచేసి చూచుటయే ఈ ఉపన్యాసము యొక్క ఉద్దేశము.

ముందుగా, బండికి గేర్లు ఏల? ఇంజను ఎంత బలము గలదైనను ఒక హద్దులోనే పనిచేయగలదు. పెద్ద డీజిలు ఇంజను నిమిషమునకు కొన్ని వందల చుట్లకు తగ్గినచో ఆగిపోవును. మూడువేల చుట్లు దాటినచో దానికి శ్రేయస్కరము కాదు. చక్రములో, నిలుకడనుండి కదలి, మిట్ట నెక్కి, పిదప చదునైన బాటపై వేగముగ పోవలెను. ఈ రెంటికిని పొత్తు కుదుర్చునదే గేరుబాక్సు. బండరాతిని గడ్డపారతో పెకలించువాడు పార కొనను మూరెడు దూరము నొక్కినచో రాయి బెత్తెడే కదలును. కాని అతని బలము ఆ మేరకు పెరుగును. చిన్న పళ్లచక్రము పెద్ద పళ్లచక్రమును త్రిప్పునప్పుడును జరుగునది ఇదియే. వేగము తగ్గును, త్రిప్పుడు బలము హెచ్చును.

చేతి గేరుబాక్సు పాతది. ఫ్రాన్సు దేశమున పనార్ - లెవాసార్ వారు 1890 తరువాతి సంవత్సరములలోనే తమ బండ్లకు జారుడు గేర్లను అమర్చిరి. వేర్వేరు వేగములతో తిరుగుచున్న పళ్లు ఢీకొని గరగర లాడుటను మాన్పుటకు 1928లో అమెరికాలోని కాడిలాక్ కార్లయందు సింక్రోమెష్ అను ఏర్పాటు వచ్చినది. గేరు తగులుకొనుటకు ముందు ఒక కంచు ఉంగరము రెండు భాగములను ఒరసి, వాని వేగములను సమానము చేయును. ఇంజనుకును ఈ పెట్టెకును నడుమ క్లచ్ ఉండును. పెడలు త్రొక్కిన సంబంధము తెగును. విడిచిన మరల కలియును. కలిసిన పిమ్మట ఇనుము ఇనుమును పట్టినట్లే. జారుట లేదు.

ఆటోమాటిక్ మార్గము వేరు. హెర్మన్ ఫాటింగర్ అను జర్మను ఇంజనీరు ఓడల నిమిత్తమై ద్రవము ద్వారా బలమును అందించు సాధనమునకు 1905లో పేటెంటు పొందెను. రెండు విసనకర్రలను ఎదురెదురుగా నుంచి ఒకదానిని త్రిప్పినచో, గాలి తాకిడికి రెండవదియు తిరుగును గదా! గాలికి బదులు ఆయిలు నింపి, ఆ ఆయిలు తిరిగి వచ్చు త్రోవను సరిచేయు మరియొక చక్రమును నడుమ నుంచినచో అది టార్క్ కన్వర్టరు. బండి కదలు సమయమున ఇది ఇంజను బలమును ఇంచుమించు రెండు రెట్లు చేయగలదు. దాని వెనుక నుండు గేర్లను ఆయిలు ఒత్తిడియే మార్చును. పూర్తిగా తనంతట తాను గేర్లు మార్చు పెట్టెను జనరల్ మోటార్స్ వారు 1940 మోడలు ఓల్డ్స్‌మొబైల్ కార్లలో విరివిగా అమ్మకమునకు తెచ్చిరి.

ఇందలి చిక్కు వేడిమి. ఆయిలు ద్వారా బలము సాగునప్పుడు కొంత జారుట తప్పదు. రైసు మిల్లులో బెల్టు వదులై జారినచో కమిలిన వాసన వచ్చుట అందరును ఎరిగినదే. జారుటలో పోయిన బలము ఎక్కడికిని పోదు, వేడిమిగా మారును. బరువైన ట్రైలరును లాగుచు, మిట్టపై, మెల్లగా పోవునపుడు ఈ వేడిమి మితిమీరును. ఆయిలు నల్లబడును, లోపలి క్లచ్ పలకలు కాలును. వేగమందుకొన్న పిమ్మట జారుటను ఆపు లాకప్ క్లచ్ ఒకటి కలదు గాని, మెల్లని నడకలో అది పట్టదు.

ఈ మార్పునకు ప్రసిద్ధమైన ఉదాహరణము డాడ్జ్ రామ్ ట్రక్కు. 1989 మోడలునుండి ఆ ట్రక్కునకు కమిన్స్ వారి 5.9 లీటర్ల ఆరు సిలిండర్ల డీజిలు ఇంజనును అమర్చిరి. దాని శక్తి 160 గుర్రములే. కాని త్రిప్పుడు బలము 400 అడుగు-పౌనులు. ఇంజను మెల్లగా తిరుగుచుండగనే అంత బలము నిచ్చుట దాని విశేషము. ఆటోమాటిక్ పెట్టెకు ఆ బలము గట్టి పరీక్ష యైనది. యజమానులు ఇంధనము హెచ్చించి ఇంజను బలమును ఇంకను పెంచిరి. ఆ పెంపునకు తగినట్లు బలపరచని ఆటోమాటిక్ పెట్టె ముందుగా లొంగిపోవుచు వచ్చినది. మరల మరల దానిని బాగుచేయించుటకు విసిగినవారు చేతి గేరుబాక్సు వైపు మరలిరి.

1996 నుండి 2002 వరకు ఆ ట్రక్కులలో నుండిన నాలుగు గేర్ల ఆటోమాటిక్ నందు మొదటి గేరు నిష్పత్తి 2.45. అదే కాలమున తయారైన ఎన్.వి. 4500 అను అయిదు గేర్ల చేతి పెట్టెయందు అది 5.61. అనగా మొదటి గేరులో చక్రముల వైపు షాఫ్టు ఒక చుట్టు తిరుగుటకు ఇంజను అయిదున్నర చుట్లకు పైగా తిరుగును. కన్వర్టరు ఇచ్చు రెట్టింపును కలిపిన పిమ్మటనే ఆటోమాటిక్ దాని దరిదాపునకు వచ్చును. చేతి గేరులో ఆ బలమంతయు జారుట లేకుండ లభించును. పల్లమున దిగునపుడును, గేరులో నున్న ఇంజనే బండిని పట్టి ఉంచును. ఇది ఆ పక్షమున గల న్యాయము.

ఇక పని యెట్టిది? పెట్టె తీసి పెట్టె బిగించుటయే యనుకొనువాడు సగము దారిలో చిక్కుకొనును. ఆటోమాటిక్ బండిలో ఇంజను వెనుక పలుచని ఉక్కు పలక ఉండును. దానిని తీసి బరువైన ఫ్లైవీలు బిగించవలెను. దాని బోల్టులును వేరు. ఫ్లైవీలు నడుమ చిన్న పైలట్ బేరింగు వేయవలెను. ఏలయన గేరుబాక్సు ముందరి షాఫ్టు కొన దానిలోనే ఆనుకొని తిరుగును. పిదప క్లచ్ ప్లేటు, ప్రెషరు ప్లేటు, రిలీజు బేరింగు. ఆ పైన ఇంజనుకును గేరుబాక్సుకును నడుమ నుండు బెల్ హౌసింగు. ఇది ఇంజను నడిమి గీతకు సరిగా కుదిరినదో లేదో డయలు గేజీతో కొలిచి చూడవలెను. అంగుళములో వెయ్యవ వంతులు లెక్కకు వచ్చు తావు ఇది. కంటి చూపును నమ్మి బిగించినచో, కొలది నెలలకే బేరింగు మ్రోగును, క్లచ్ సరిగా విడువదు.

పెట్టె పొడవు మారినందున దానిని మోయు అడ్డుకమ్మి స్థానమును మార్చవలెను. వెనుక చక్రములకు బలము నందించు ప్రొపెల్లరు షాఫ్టును తగిన పొడవునకు చేయించి, అదురు లేకుండ తూకము సరిచేయించవలెను. నాలుగు చక్రములకును బలము పోవు బండి యైనచో, నడిమి పెట్టె షాఫ్టు పళ్ల లెక్క క్రొత్త గేరుబాక్సు పళ్ల లెక్కతో సరిపోవలెను. గేరు కడ్డీకై అడుగు రేకున రంధ్రము చేయవలెను. క్లచ్ పెడలును, దాని ఆయిలు సిలిండర్లు రెంటిని అమర్చవలెను. పాత పెట్టె ఆయిలును చల్లార్చు గొట్టములను తీసి, నీటి మార్గము కారకుండ మూయవలెను. కంప్యూటరు గల బండ్లలో అది పాత పెట్టెకై వెదకి, కానక, హెచ్చరిక దీపమును వెలిగించును. దానికిని క్రొత్త సంగతి తెలియజేయవలెను.

ఆయిలు విషయమున అశ్రద్ధ కూడదు. డిఫరెన్షియలులో పోయు జి.ఎల్. 5 రకపు ఆయిలులలో కొన్నింటి యందలి గంధకపు పాళ్లు సింక్రోమెష్ కంచు ఉంగరములను తినివేయును. తయారీదారు వ్రాసిన రకమునే పోయవలెను. చేతి పెట్టెకు చెడుట లేదనుకొనుటయు పొరపాటే. ఎన్.వి. 4500లో అయిదవ గేరును పట్టియుంచు నట్టు ఇంజను అదురునకు వదులగుట పేరుపడ్డ లోపము. పాత పెట్టెను కొన్నవాడు బిగించుటకు ముందే విప్పి దానిని చూడవలెను.

ఇప్పుడు అన్నింటికంటె ముఖ్యమైన మాట. ఆటోమాటిక్ పెట్టెలో ‘పార్కు’ అను స్థానము కలదు. కడ్డీని అందులో నుంచినచో లోపల ఒక ఉక్కు కొక్కెము పడి షాఫ్టును తిరుగనీయదు. ఏండ్ల తరబడి దానిని నమ్మినవాడు హ్యాండు బ్రేకును మరచిపోవును. దాని తీగలు త్రుప్పు పట్టియుండును. చేతి గేరుబాక్సులో ఆ కొక్కెము లేదు. మార్పు ముగిసిన నాడు, బరువుతో బండిని మిట్టపై నిలిపి యజమాని దిగిపోయినచో దానిని ఆపునది హ్యాండు బ్రేకు ఒక్కటే. అందుచేత క్రొత్త పెట్టెను ఎత్తుటకు ముందే హ్యాండు బ్రేకును సరిచేయించవలెను. గేరులో వదలుట, చక్రముల క్రింద అడ్డుదిమ్మలు వేయుట దానికి తోడే గాని బదులు కావు.

అట్లే, ఆటోమాటిక్ బండి ‘పార్కు’ లేదా న్యూట్రల్‌లో నున్నగాని స్టార్టు కాకుండ ఒక స్విచ్చి కాపాడును. మార్పు చేయువారు కొందరు ఆ తీగలను ఊరక కలిపివేయుదురు. అప్పుడు గేరులో నున్న బండికి తాళము త్రిప్పగనే అది ముందునకు దుముకును. ముందు గోడ యుండవచ్చును, పసిపిల్ల యుండవచ్చును. క్లచ్ త్రొక్కినగాని ఇంజను లేవకుండునట్లు స్విచ్చిని ఆ పెడలునకు అమర్చుట పది నిముషముల పని. దానిని విడుచువానిని పనివాడనరాదు. పనిచేయు వేళనైనను, కేవలము జాకీని నమ్మి బండి క్రింద పండుకొనరాదు. ఎన్.వి. 4500 పెట్టె తొంబది కిలోల వరకు తూగును. ఆరు గేర్ల ఎన్.వి. 5600 నూట అరువది కిలోలు. అవి ఛాతీపై మోసికొని బిగించు వస్తువులు కావు.

ఇంత శ్రమయు వ్యయమును ఎవరికి తగును? మంచి స్థితిలో నున్న పాత బండి, చెడిపోయిన ఆటోమాటిక్, తరచుగ బరువు లాగు పని, అన్నిటికంటె మించి అదే రకపు చేతి గేరు బండి ఒకటి విడిభాగముల నిమిత్తము పూర్తిగా దొరకుట, ఈ నాలుగును కూడినప్పుడు లెక్క కుదురును. చిల్లరగా ఒక్కొక్క వస్తువును కొనుచు పోవువాడు తుదకు చూచుకొనునప్పటికి, బలపరచిన ఆటోమాటిక్ పెట్టె వెలను దాటియుండుట అరుదు కాదు.

చేతి గేరే ఎల్లప్పుడును గట్టిదన్న నమ్మకమును కాలము నిలువనీయలేదు. 2018 మోడలు రామ్ ట్రక్కులో చేతి గేరుబాక్సు గల బండికి ఇంజను త్రిప్పుడు బలమును 660 అడుగు-పౌనులకే పరిమితము చేసిరి. గట్టి ఆటోమాటిక్ గల బండికి 930 వరకు ఇచ్చిరి. అంత బలమును మనుష్యుని కాలు త్రొక్కగల క్లచ్‌తో మోయించుట కష్టము. జనరల్ మోటార్స్ వారు 2006 తోడను, ఫోర్డు వారు 2010 తోడను, రామ్ వారు 2018 తోడను తమ బరువు పికప్ ట్రక్కులలో చేతి గేరును మానివేసిరి. కనుక నేడు ఈ మార్పును పాత బండ్లకే చేయుట న్యాయము.

ఈ కథ మన రోడ్లకు పూర్తిగా పరాయిది కాదు. 1993లో ఏర్పడిన టాటా కమిన్స్ సంస్థ జంషెడ్‌పూరులో అదే వంశపు 5.9 లీటర్ల ఇంజనును తయారుచేసినది. అట్టి ఇంజనులు గల టాటా లారీలు మన జిల్లాలలో ధాన్యమును, సిమెంటును ఏండ్ల తరబడి మోసినవి. అచట యజమానులు కోరి అమర్చుకొన్న చేతి గేరు, ఇచట డ్రైవరుకు మొదటినుండియు నిత్యకృత్యము. మన దేశమున 1988 మోటారు వాహనముల చట్టములోని 52వ సెక్షను, బండిని రిజిస్ట్రేషను పత్రములోని వివరములకు, తయారీదారు నిర్ణయములకు భిన్నముగా మార్చుటను నియంత్రించుచున్నది. మార్పు తలపెట్టువారు మొదట రవాణా కార్యాలయమున విచారించుట మేలు.

గ్రామ యువకులలో పలువురు మెకానిక్కుల కడ పనికి కుదురుచున్నారు. చేతి పని చూచి నేర్చుకొందురు, అది మంచిదే. కాని ఏ బోల్టును ఎంత బిగించవలెనో, ఏ ఆయిలు పోయవలెనో, ఏ సందు ఎన్ని వెయ్యవ వంతులుండవలెనో తయారీదారు పుస్తకములో అంకెలతో సహా వ్రాసియుండును. ఆ పుస్తకము చదివిన పనివాడు ఒక్కసారి విప్పి ఒక్కసారి బిగించును. చదువనివాడు బండి యజమాని ఖర్చుతో నేర్చుకొనును. కావ్యములు, పురాణములు, నవలలు ఉన్న బీరువాల ప్రక్కన ఇంజను పుస్తకములకును, గేరుబాక్సు పుస్తకములకును ఒక అర కేటాయించినచో, నూనె మరకల చేతులతో పనిచేయువారును సాయంకాలము ఈ గుమ్మము త్రొక్కుదురు. ఇరువదియైదేండ్లు నిండిన గ్రంథాలయము ఆ అరను త్వరలోనే నింపుగాక!